కేబుల్ పెట్టగానే నెట్ రావాలంటే: లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైర్డ్ కనెక్షన్ తిరిగి దానంతటదే కలిసేలా చేసుకోవడం ఎలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి మన తెలుగు ఇళ్లలో చాలామంది పాత ల్యాప్‌టాప్‌లను పారేయకుండా లినక్స్ మింట్ గానీ, ఉబుంటు గానీ వేసి పిల్లల చదువుకో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల వీడియో కాల్స్‌కో వాడుతున్నారు. మంచి పనే. అయితే కేబుల్ తీసి మళ్లీ పెట్టినప్పుడు నెట్ రాకపోవడం అనే చిన్న చిక్కు కొందరిని బాగా ఇబ్బంది పెడుతోంది. మా ఇంట్లోనూ అదే జరిగింది.

మేముండేది న్యూజెర్సీలో. పోయిన చలికాలం మా అమ్మ ఆరు నెలలకని వచ్చింది. ఆమె గది బేస్‌మెంట్‌లో. అక్కడికి వైఫై సరిగా అందదు కాబట్టి పైనుంచి ఒక కేబుల్ లాగి, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసి ఇచ్చాను. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే తెనాలిలో పొద్దున ఎనిమిదికి, పిన్నితో మాట్లాడేది. పగలు పిల్లలు ల్యాప్‌టాప్ పైకి తీసుకెళ్లేవారు, రాత్రి అమ్మ మళ్లీ కేబుల్ పెట్టుకునేది. అంతా బాగానే నడిచింది.

ఒక రోజు పిన్నికి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లే ముందు ఒకసారి మొహం చూపిస్తానని పిన్ని కూతురు చెప్పింది. అమ్మ గంట ముందే కూర్చుంది. కేబుల్ పెట్టింది, నెట్ రాలేదు. తీసి పెట్టింది, రాలేదు. నేను పైన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, అన్ని మెట్లు ఎక్కి వచ్చేసరికి పిన్నిని లోపలికి తీసుకెళ్లిపోయారు. ఆపరేషన్ బాగానే జరిగింది, పిన్ని క్షేమంగా ఉంది. కానీ ఆ రాత్రి అమ్మ మొహం నాకు ఇంకా గుర్తుంది.

తప్పెవరిదని చూస్తే నాదే. రెండు రోజుల ముందు బేస్‌మెంట్‌లో వైఫై అందుతుందేమో పరీక్షిద్దామని వైర్డ్ కనెక్షన్‌లో 'కనెక్ట్ ఆటోమేటికల్లీ' అనే టిక్ తీసేశాను. తిరిగి పెట్టడం మరిచిపోయాను. ఒక్క టిక్ మార్కు! ఆ తర్వాత ఈ విషయం మీద కూర్చుని పూర్తిగా నేర్చుకున్నాను. మరెవరి ఇంట్లోనూ ఇలా కాకూడదని ఆ వివరాలన్నీ వరసగా ఇక్కడ ఇస్తున్నాను.

ముందు ఒక మాట

ఇందులో చెప్పిన మెనూల పేర్లు, కమాండ్లు మీ స్క్రీన్ మీద ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇక్కడ వాటిని పలికే తీరులో తెలుగులో రాస్తున్నాం. టెర్మినల్‌లో కమాండ్ మాటలకు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి, ప్రొఫైల్ పేరు మాత్రం స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టే కొట్టాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ మార్పులేవీ సొంతంగా చేయకండి, మీ ఐటీ వాళ్లను అడగండి.

అసలు ఈ పని ఎవరు చేస్తారు?

ఉబుంటు, మింట్, ఫెడోరా వంటి వాటి డెస్క్‌టాప్ రకాల్లో నెట్‌వర్క్ పని చూసుకునే ప్రోగ్రామ్ పేరు నెట్‌వర్క్‌మేనేజర్. దీన్ని రెడ్‌హ్యాట్ కంపెనీ 2004లో మొదలుపెట్టింది. మీరు కేబుల్ పెట్టగానే నెట్‌వర్క్ కార్డుకు అవతలి నుంచి సిగ్నల్ అందుతుంది. దీన్ని క్యారియర్ అంటారు. క్యారియర్ వచ్చిందని తెలియగానే నెట్‌వర్క్‌మేనేజర్ తన దగ్గరున్న ప్రొఫైల్స్‌లో ఈ కార్డుకు సరిపోయేది, ఆటోమేటిక్‌గా కలవడానికి అనుమతి ఉన్నది ఏదో చూస్తుంది. దొరికితే దాన్ని మొదలుపెట్టి, రౌటర్‌ను ఐపీ అడ్రస్ అడుగుతుంది. అది రాగానే నెట్ వచ్చినట్టే.

అంటే వరసలో నాలుగు మెట్లున్నాయి: క్యారియర్, ప్రొఫైల్, అనుమతి, ఐపీ అడ్రస్. వీటిలో ఏది తెగినా నెట్ రాదు. ఎక్కడ తెగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఎక్కడ తెగిందో ఒక్క కమాండ్‌తో తెలుసుకోండి

టెర్మినల్ తెరిచి ఎన్, ఎం, సీ, ఎల్, ఐ అనే ఐదు అక్షరాలు కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, డివైస్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఒక పట్టిక వస్తుంది. అందులో ఈథర్‌నెట్ అని ఉన్న వరసలో స్టేట్ కింద ఏముందో చూడండి.

'అన్‌అవైలబుల్' అని ఉంటే చాలావరకు క్యారియర్ లేనట్టే. కేబుల్, పోర్టు, రౌటర్ చూసుకోవాలి.

'డిస్‌కనెక్టెడ్' అని ఉంటే సిగ్నల్ ఉంది, కానీ ఏ ప్రొఫైలూ మొదలవలేదు. మా ఇంట్లో జరిగింది ఇదే.

'కనెక్టింగ్' అని చాలాసేపు ఉండిపోతే ప్రొఫైల్ మొదలైంది, కానీ ఐపీ అడ్రస్ రావడం లేదు. లేదా లాగిన్ దగ్గర ఆగింది.

'అన్‌మేనేజ్డ్' అని ఉంటే ఈ కార్డును నెట్‌వర్క్‌మేనేజర్ అసలు పట్టించుకోవడం లేదు. దాన్ని వేరే ఎవరో చూస్తున్నారు, లేదా వదిలేయమని ఎక్కడో రాసి ఉంది.

ఈథర్‌నెట్ వరసే లేకపోతే కార్డుకు డ్రైవర్ లేదు, లేదా యూఎస్‌బీ అడాప్టర్‌ను సిస్టమ్ గుర్తించలేదు.

మొదటి మెట్టు: కేబుల్

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చాలాసార్లు తప్పు కేబుల్‌లోనే ఉంటుంది. పోర్టు దగ్గర చిన్న లైటు వెలుగుతోందా చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లకు లైటు ఉండదు, అప్పుడు రౌటర్ వైపు చూడండి. కేబుల్ చివర ప్లాస్టిక్ నాలుక విరిగితే పెట్టినట్టే ఉంటుంది గానీ, కాస్త కదిలినా జారిపోతుంది. రోజూ తీసి పెట్టే చోట ఇది ముందు విరుగుతుంది. ఇంకో కేబుల్ పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది.

ఇంకో సంగతి. కేబుల్ లోపల నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు చాలు. తలుపు కింద నలిగి ఒక జత తెగితే కొన్నిసార్లు వేగం 100కి పడిపోతుంది, కొన్నిసార్లు కలుస్తూ తెగుతూ ఉంటుంది. క్యాట్ 5ఈ రకం కేబుల్ గిగాబిట్ వేగంతో 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి మన ఇళ్లలో పొడవు సమస్య కాదు.

రెండో మెట్టు: ఆ టిక్ మార్కు

ఉబుంటు, ఫెడోరాల్లో సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్‌లోకి వెళ్లండి. వైర్డ్ పక్కన ఉన్న పళ్లచక్రం గుర్తు నొక్కితే 'కనెక్ట్ ఆటోమేటికల్లీ' కనిపిస్తుంది. దాని కిందే 'మేక్ అవైలబుల్ టు అదర్ యూజర్స్' ఉంటుంది. రెండూ టిక్ చేసి అప్లై నొక్కండి.

మింట్‌లో మెనూలో నెట్‌వర్క్ కనెక్షన్స్ అని వెతికి తెరవండి. వైర్డ్ కింద మీ ప్రొఫైల్ ఉంటుంది. సాధారణంగా దాని పేరు 'వైర్డ్ కనెక్షన్ 1'. దాని మీద రెండుసార్లు నొక్కి జనరల్ ట్యాబ్‌లో 'కనెక్ట్ ఆటోమేటికల్లీ విత్ ప్రయారిటీ' టిక్ పెట్టండి. పక్కన ఒక అంకె ఉంటుంది. ఇది మైనస్ 999 నుంచి 999 దాకా ఉండవచ్చు. ఒకే కార్డుకు రెండు ప్రొఫైల్స్ ఉంటే, ఉదాహరణకు ఇంటికొకటి, హాస్టల్‌కొకటి, ఎక్కువ అంకె ఉన్నదాన్ని ముందు ప్రయత్నిస్తుంది.

టెర్మినల్‌లో చేయాలనుకుంటే: ఎన్ఎంసీఎల్ఐ, కనెక్షన్, మాడిఫై, తర్వాత డబుల్ కోట్స్‌లో ప్రొఫైల్ పేరు, తర్వాత కనెక్షన్ డాట్ ఆటోకనెక్ట్ (మధ్యలో స్పేస్ లేకుండా చుక్కతో), చివర ఎస్ అనే మూడక్షరాల ఇంగ్లీషు మాట. మిగతా మాటల మధ్య ఒక్కో స్పేస్ ఉండాలి.

చేత్తో ఆపితే చేత్తోనే కలపాలి

ఇది చాలామందికి తెలియదు. టిక్ ఉన్నా సరే, స్క్రీన్ మూలన ఉన్న నెట్‌వర్క్ గుర్తు నొక్కి డిస్‌కనెక్ట్ చేశారనుకోండి. కావాలనే ఆపారు కాబట్టి మళ్లీ దానంతటదే కలపకూడదని నెట్‌వర్క్‌మేనేజర్ అనుకుంటుంది. మీరు మళ్లీ కనెక్ట్ నొక్కేదాకానో, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసేదాకానో ఎదురుచూస్తుంది. పిల్లలు ఆటలో పడి ఏదో నొక్కినా ఇదే జరుగుతుంది. కాబట్టి టిక్ సరిగానే ఉండి నెట్ రాకపోతే ముందు ఒకసారి చేత్తో కనెక్ట్ చేసి చూడండి.

ప్రొఫైల్‌ను డిలీట్ చేయడం మరో పొరపాటు. నెట్ రావడం లేదని కోపంలో 'వైర్డ్ కనెక్షన్ 1'ని తీసేస్తారు, అది మళ్లీ తనంతట పుడుతుందనుకుంటారు. కానీ ఈ కార్డుకు ఆటోమేటిక్ ప్రొఫైల్ వద్దన్నారని సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ తయారుచేయదు. అప్పుడు ప్లస్ గుర్తు నొక్కి, ఈథర్‌నెట్ ఎంచుకుని కొత్త ప్రొఫైల్ మీరే చేసుకోవాలి. మిగతావన్నీ అలాగే వదిలి సేవ్ చేస్తే చాలు.

డాక్ మార్చినప్పుడు, పోర్టు మార్చినప్పుడు

ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లకు ఈథర్‌నెట్ పోర్టు ఉండదు. యూఎస్‌బీ అడాప్టరో, డాకో వాడతాం. చాలావరకు అసలు నెట్‌వర్క్ కార్డు అందులోనే ఉంటుంది, దానికి సొంత మ్యాక్ అడ్రస్ ఉంటుంది. లినక్స్ ఆ కార్డుకిచ్చే పేరు మ్యాక్ అడ్రస్‌ను బట్టో, ఏ యూఎస్‌బీ పోర్టులో పెట్టామన్నదాన్ని బట్టో వస్తుంది. మీ ప్రొఫైల్ ఒకే పేరుకో, ఒకే మ్యాక్ అడ్రస్‌కో కట్టి ఉంటే, ఆఫీసు డాక్‌తో పనిచేసినది ఇంటి డాక్‌తో పనిచేయదు.

దీనికి పరిష్కారం తేలిక. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో ఆ ప్రొఫైల్ తెరిచి, ఈథర్‌నెట్ ట్యాబ్‌లో డివైస్ అన్న గడిని ఖాళీ చేసి సేవ్ చేయండి. అప్పుడు ఏ వైర్డ్ కార్డు వచ్చినా ఆ ప్రొఫైల్ సరిపోతుంది.

యూనివర్సిటీ హాస్టల్స్‌లో ఉన్న పిల్లలకు ఒక మాట. కొన్ని చోట్ల మ్యాక్ అడ్రస్ రిజిస్టర్ చేస్తేనే నెట్ ఇస్తారు. కొత్త అడాప్టర్ కొంటే దాని అడ్రస్ కూడా రిజిస్టర్ చేయించుకోవాలి. ఇందులో లినక్స్ తప్పేమీ లేదు.

పాస్‌వర్డ్ ఉన్న వైర్డ్ నెట్‌వర్క్‌లు

కొన్ని యూనివర్సిటీల్లో, ఆఫీసుల్లో కేబుల్ పెట్టినా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. దీన్ని 802.1ఎక్స్ అంటారు. పాస్‌వర్డ్‌ను 'ఈ యూజర్‌కి మాత్రమే' అని దాచుకుంటే మీరు లాగిన్ అయ్యేదాకా కనెక్షన్ మొదలవదు. అందరు యూజర్లకూ అని దాచితే ముందే కలుస్తుంది. కానీ అప్పుడు పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్ డిస్క్ మీద ఉంటుంది, అడ్మిన్ హక్కులున్న ఎవరైనా చూడగలరు. నలుగురూ వాడే ల్యాప్‌టాప్ అయితే ఆలోచించి చేయండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు

మంచు తుపాను వచ్చిందనుకోండి. కరెంటు పోయి వచ్చింది. రౌటర్ పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కానీ దాని పోర్టులు అంతకన్నా ముందే వెలగవచ్చు. ల్యాప్‌టాప్ సిగ్నల్ చూసి ఐపీ అడ్రస్ అడుగుతుంది, జవాబు రాదు. ఒక్కో ప్రయత్నానికి మామూలుగా 45 సెకన్లు చూస్తుంది. ఇలా నాలుగుసార్లు ప్రయత్నించి కొంతసేపు ఊరుకుంటుంది, తర్వాత మళ్లీ మొదలుపెడుతుంది. ఆ విరామంలో మనం చూస్తే నెట్ చచ్చిపోయినట్టే అనిపిస్తుంది.

తొందరైతే కేబుల్ తీసి పెట్టండి, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అసలు ఆపకుండా ప్రయత్నిస్తూనే ఉండాలంటే, పైన చెప్పిన మాడిఫై కమాండ్‌లోనే ఆటోకనెక్ట్ బదులు ఆటోకనెక్ట్ హైఫన్ రిట్రైస్ అని, ఎస్ బదులు 0 అని ఇవ్వండి. ఇక్కడ 0 అంటే అసలు ప్రయత్నించవద్దని కాదు, ఎన్నిసార్లయినా ప్రయత్నించమని అర్థం.

మూత మూసి తెరిచాక రాకపోతే

స్లీప్ నుంచి లేచాక నెట్ రాకపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, కార్డు డ్రైవర్ సరిగా లేవకపోవడం. ముందు సిస్టమ్ అప్‌డేట్లన్నీ వేసి, రీస్టార్ట్ చేసి చూడండి. కొత్త కెర్నల్‌తో చాలావరకు సర్దుకుంటుంది.

రెండోది, బ్యాటరీ ఆదా. టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ వేసుకున్నవారి సంగతి ఇది. పని లేని యూఎస్‌బీ పరికరాలను అది నిద్రపుచ్చుతుంది. కొన్ని అడాప్టర్లు ఆ నిద్ర నుంచి సరిగా లేవవు. టీఎల్‌పీ సెట్టింగ్స్ ఫైల్‌లో యూఎస్‌బీ డినైలిస్ట్ అనే చోట మీ అడాప్టర్ నంబర్ రాస్తే దాన్ని వదిలేస్తుంది. ఆ నంబర్ ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ కొడితే కనిపిస్తుంది.

అన్‌మేనేజ్డ్ అని ఉంటే

ఇది ఎక్కువగా డెబియన్‌లో చూస్తాం. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్ అనే ఫోల్డర్, అందులో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైల్ ఉంటుంది. మీ వైర్డ్ కార్డు పేరు ఆ ఫైల్‌లో ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ దాని జోలికి వెళ్లదు. ముందు ఆ ఫైల్‌కి కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత ఆ కార్డు పేరున్న వరసల ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టి, ఎల్ఓ అని ఉన్న వరసలు మాత్రం ముట్టుకోకుండా సేవ్ చేసి రీస్టార్ట్ చేయండి.

ఉబుంటు సర్వర్ వేసి తర్వాత డెస్క్‌టాప్ కలుపుకున్నవారికీ ఇదే కనిపిస్తుంది. అక్కడ నెట్‌వర్క్ పనిని సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ అనే వేరే ప్రోగ్రామ్ చూస్తుంటుంది. ఈటీసీలో నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లోని ఫైల్‌లో రెండరర్ అన్న చోట నెట్‌వర్క్‌మేనేజర్ అని మార్చాలి.

వైఫై కలిసి ఉంటే కేబుల్ వాడుతోందా?

రెండూ కలిసి ఉన్నప్పుడు నెట్‌వర్క్‌మేనేజర్ కేబుల్‌కే ముందు పీట వేస్తుంది. దారికి ఒక అంకె ఇస్తుంది, తక్కువ అంకె ఉన్న దారినే వాడుతుంది. వైర్డ్‌కు మామూలుగా 100, వైఫైకి 600. కాబట్టి వైఫై ఆపాల్సిన పని లేదు. కేబుల్ ఊడితే వైఫై మీదికి వెళ్తుంది, పెడితే తిరిగి కేబుల్ మీదికి వస్తుంది.

అయితే ఇందులో ఒక చిన్న మోసం ఉంది. కేబుల్ కలవకపోయినా వైఫై మీద నెట్ నడుస్తుంటే మనకు తెలియదు. ఇంటర్వ్యూ మధ్యలో వీడియో ఆగిపోయినప్పుడు గానీ గుర్తురాదు. ముఖ్యమైన కాల్‌కి ముందు ఎన్ఎంసీఎల్ఐ డివైస్ కొట్టి, ఈథర్‌నెట్ వరసలో 'కనెక్టెడ్' ఉందో లేదో చూసుకోండి. వీపీఎన్ వాడేవారు కాల్ మధ్యలో కేబుల్ తీయకపోవడం మేలు, దారి మారితే వీపీఎన్ తెగే అవకాశం ఉంది.

పరీక్షించకుండా వదలకండి

అన్నీ సరిచేశాక నాలుగు పరీక్షలు పెట్టండి. కేబుల్ తీసి, పది సెకన్లు ఆగి పెట్టండి. మూత మూసి, ఐదు నిమిషాల తర్వాత తెరవండి. కేబుల్ ఉంచి రీస్టార్ట్ చేయండి. కేబుల్ లేకుండా రీస్టార్ట్ చేసి, తర్వాత పెట్టండి. నాలుగింటిలోనూ మీరు ఏమీ నొక్కకుండా నెట్ రావాలి. వైఫై ఆపి ఈ పరీక్షలు చేస్తేనే నమ్మకం. చివర్లో వైఫై తిరిగి వేయడం మరవకండి.

ఆఖరి పరీక్ష ఇంకొకటి ఉంది. ఆ ల్యాప్‌టాప్ వాడే పెద్దవారిని కూర్చోబెట్టి, మీరు పక్కగదిలోకి వెళ్లిపోండి. వారంతట వారే కేబుల్ పెట్టి కాల్ చేసుకోగలగాలి. మా అమ్మ గోడకు ఒక కాగితం అంటించుకుంది. తన చేతిరాతతో రెండే మాటలు: "తీగ టక్కుమనే దాకా నొక్కు. పదివరకు లెక్కపెట్టు." అది రాసుకున్నాక తిరిగి ఇండియా వెళ్లేదాకా ఆమె నన్ను నెట్ కోసం పిలవలేదు. పిన్ని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఇద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు.